దొంగచాటు పాఠం

దక్షిణ కొరియాలో ఇంగ్లీషు చెప్పడానికి విదేశీయులకిచ్చే ఇ-2 వీసాకు ముందు చూసేది పాస్‌పోర్టు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల పౌరులకే అది మామూలుగా దొరుకుతుంది. డిగ్రీ ఉండాలి గానీ ఏ సబ్జెక్టయినా ఫర్వాలేదు. వృక్షశాస్త్రం చదివి, పిల్లల ముందు ఒక్కరోజు కూడా నిలబడని ఇరవై రెండేళ్ల ఒహాయో కుర్రాడు సియోల్‌లోని హాగ్వాన్‌లో, అంటే మన ట్యూషన్ సెంటర్ లాంటి ప్రైవేటు బడిలో, నేరుగా పాఠం మొదలుపెట్టవచ్చు. ఇంగ్లీషులో ఎం.ఏ., దానిమీద బీఈడీ, ఇరవయ్యేళ్లుగా తరగతి గదిలో అరిగిన గొంతు ఉన్న గుంటూరు టీచరమ్మకు ఆ తలుపు తెరుచుకోదు. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఆర్థిక ఒప్పందం అర్హతలున్న మన టీచర్లకు బడుల్లో సహాయ ఉపాధ్యాయులుగా చేరే వీలు కల్పించిన మాట నిజమే. అది సందు, రాజమార్గం కాదు. అలాంటప్పుడు ఆమె టూరిస్టుగా దిగి, ఏదో సెంటర్‌లో నెలకింత అని నగదు పుచ్చుకుని చాటుగా పాఠాలు చెబితే తప్పేముంది? నియమమే అధర్మమైతే దాన్ని తప్పించుకోవడం అధర్మం ఎలా అవుతుంది?

పట్టుబడితే జరిమానా, పట్టుబడకపోతే లాభం, ఇందులో ధర్మచర్చ ఏమిటి అనేవాళ్లకంటే ఇలా అడిగేవాళ్లు మేలు. నా మటుకు ఆ నియమం అన్యాయమే, దాన్ని చాటుగా దాటడమూ తప్పే. తప్పెందుకో చెప్పడానికి రాజ్యాన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. ప్లేటో రాసిన ‘క్రిటో’లో సోక్రటీసు జైలునుంచి పారిపోనంటాడు. ఇన్నేళ్లు ఏథెన్సులోనే ఉన్నానంటే ఆ నగర చట్టాలకు ఒప్పుకున్నట్టేనంటాడు. ఈ వాదన నాకు ఎప్పుడూ పూర్తిగా రుచించలేదు. పుట్టిన ఊళ్లో ఉండిపోవడాన్ని ఒప్పుకోలు అంటే ఎలా? 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దీన్నే ఎత్తిపొడిచాడు. నిద్రలో ఓడెక్కించిన మనిషి, దూకితే సముద్రమే గతి అయినవాడు, ఓడలో ఉన్నాడు గనక కెప్టెన్‌కు లోబడటానికి ఒప్పుకున్నాడంటామా అన్నాడు. పౌరుడి విషయంలో హ్యూమ్‌దే పైచేయి. పరాయి దేశానికి పోయేవాడి సంగతి వేరు. వాడు మెలకువగా, సొంత డబ్బుతో టికెట్ కొని ఓడెక్కాడు. దరఖాస్తులో ‘ఎందుకు వస్తున్నారు’ అన్న గడికి ఎదురుగా విహారయాత్ర అని టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, ఇమిగ్రేషన్ కౌంటర్‌లో అడిగితే నోటితో మళ్లీ అదే చెప్పాడు. సోక్రటీసు మీద బలవంతంగా మోపాల్సిన ఒప్పందం ఇక్కడ నల్లసిరాతో ఉంది.

అన్యాయమైన షరతు కింద చేసిన వాగ్దానం కట్టిపడేస్తుందా అని ఎదురుప్రశ్న వస్తుంది. రాజనీతి తత్వవేత్త జోసెఫ్ కారెన్స్ 1987లో రాసిన ప్రసిద్ధ వ్యాసం సరిహద్దుల పునాదినే ప్రశ్నించింది. సంపన్న దేశంలో పౌరుడిగా పుట్టడం పూర్వం జమీందారు ఇంట్లో పుట్టడం లాంటిదేనని, అది ఎవరూ కష్టపడి సంపాదించింది కాదని ఆయన వాదన. ఏడు పాస్‌పోర్టుల నియమానికి అది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. కనుక ఇలాంటి నియమాన్ని ఎన్నడూ ధిక్కరించకూడదని నేననను. ఎలా ధిక్కరిస్తున్నాం అన్నదే నా పట్టు. దక్షిణాఫ్రికాలో 1913 నవంబరు 6న గాంధీ రెండువేల మందికి పైగా భారతీయులతో నేటాల్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటాడు. వాళ్లు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లు, వాళ్ల పిల్లలు. మద్రాసు రేవునుంచి అక్కడికి తరలిన వేలమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అనుమతి కాగితం లేకుండా హద్దు దాటడం, అంటే ఈనాటి మాటల్లో అక్రమ వలస, అదే వాళ్ల నేరం, అదే వాళ్ల ఆయుధం కూడా. సర్కారుకు ముందే కబురు పెట్టి, పట్టపగలు, అరెస్టవడానికే దాటారు. వాళ్లు ఎదిరించిన మూడు పౌండ్ల తలపన్ను మరుసటేడు రద్దయింది. రాత్రిపూట ఒక్కొక్కరే కంచె దూరి గనుల్లో కూలికి చేరి ఉంటే కొన్ని కడుపులు నిండేవి, పన్ను మాత్రం అలాగే ఉండేది.

కొరియాలోనే ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఇ-2 టీచర్లు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలని ఒకప్పుడు నియమం ఉండేది. కొరియన్ టీచర్లకు, కొరియా సంతతి విదేశీ టీచర్లకు అది లేదు. ఉల్సాన్‌లో పనిచేస్తున్న న్యూజిలాండ్ టీచరొకామె 2009లో మళ్లీ పరీక్ష చేయించుకోమంటే కుదరదని బాహాటంగా చెప్పింది. కాంట్రాక్టు పొడిగించలేదు, ఉద్యోగం పోయింది. ఆమె ఫిర్యాదు మీద ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ 2015లో అది వివక్షేనని తేల్చింది. 2017లో కొరియా ఆ పరీక్ష ఎత్తేసింది. డబ్బులిచ్చి దొంగ సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఆమెకు తేలికైన దారే అయ్యుండేది. అలా చేసి ఉంటే ఆ నియమం ఇంకెందరి మెడకో చుట్టుకునేది.

చాటుమాటు వ్యవహారంలో అసలు దోషం నాకు ఇక్కడే కనబడుతుంది. దొడ్డిదారికి మంచి నియమం, చెడ్డ నియమం అన్న తేడా తెలియదు. ఇ-2 కోసం ఇవ్వాల్సిన కాగితాల్లో పాస్‌పోర్టు కాపీ పక్కనే ఇంకోటి ఉంటుంది. సొంత దేశంలో నేరచరిత్ర లేదని చూపే పోలీసు రికార్డు, దానిమీద పరాయి దేశంలో చెల్లేందుకు వేసే అపొస్టీల్ ముద్ర. మొదటిది వివక్ష, రెండోది ఆరేళ్ల పిల్లల్ని అపరిచితుడి చేతిలో పెట్టే తల్లిదండ్రులకు మిగిలిన ఒకే ఒక్క భరోసా. చాటుగా వచ్చినవాడు మొదటిదాన్ని దాటుతూ రెండోదాన్నీ దాటేస్తాడు. తాను మంచివాణ్ణని వాడికి తెలుసు, ఆ తల్లికి తెలియదు. పైగా వాడి గుట్టు సెంటర్ యజమాని గుప్పిట్లో ఉంటుంది. జీతం ఎగ్గొట్టినా, తెలియని సబ్జెక్టు అంటగట్టినా, పక్క గదిలో పిల్లాణ్ణి చావబాదుతున్నా నోరెత్తలేడు. ఫిర్యాదు చేయాలంటే ముందు తన గుట్టు తనే విప్పాలి. వీసా ఉన్నవాడి పరిస్థితీ అంత గొప్పేం కాదు. ఇ-2 ఒక్క యజమానికే కట్టేస్తుంది, బయట ప్రైవేటు ట్యూషన్ చెప్పినా నేరమే. అయినా వాడి చేతిలో కాంట్రాక్టుంది, చెప్పుకోవడానికి ఒక ఆఫీసుంది. కాదు అనగలిగే స్థితి లేని మనిషి కూలి చేయగలడేమో గానీ గురువుగా నిలబడలేడు.

ఆకలి మాటేమిటి? ఆపద్ధర్మానికి మన దగ్గర చోటుంది, ఉండాలి కూడా. శాంతిపర్వంలో పన్నెండేళ్ల కరవులో విశ్వామిత్రుడు చండాలుడి గుడిసెలో కుక్కమాంసం దొంగిలించబోయి దొరికిపోతాడు. దొరికాక తానెవరో దాచడు. ఆకలితో ప్రాణం పోతోంది, తింటాను, బతికితే ధర్మం ఆచరిస్తానని ఎదురుగా వాదిస్తాడు. యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాడు కడుపుకోసం కాగితం లేకుండా నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పుకుంటే నేను వేలెత్తి చూపను. ఇక్కడ వచ్చే జీతంకన్నా అక్కడ రెండింతలు వస్తుందనే ఆశ ఆపద కాదు. ముందు విజిట్ వీసా మీద ఎక్కేయండి, తర్వాత సంగతి తర్వాత అని ఊదరగొట్టే ఏజెంట్లకు ఈ తేడా చెరిపేయడమే వ్యాపారం.

అన్నిటికంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. బాహాటంగా ధిక్కరించడానికి ముందు లోపల ఉండాలి గదా? న్యూజిలాండ్ టీచర్ కాదనగలిగిందంటే ఆమెను దేశంలోకి రానిచ్చారు గనక. గాంధీ వెంట నడిచినవాళ్లు అప్పటికే ఆఫ్రికాలో ఉన్నారు. గుంటూరు టీచరమ్మ హాగ్వాన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటే అర్హత లేదని వెనక్కి పంపుతారు, ఆ చప్పుడు ఎవరికీ వినబడదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇది ఆమెకు అబద్ధమాడే హక్కునివ్వదనుకుంటాను, కానీ భారం ఎవరిదో మాత్రం మారుస్తుంది. 2010లో ఆ కాస్త సందయినా తెరిచింది రెండు ప్రభుత్వాలు బల్లకు అటూ ఇటూ కూర్చుని చేసిన పని. దాన్ని వెడల్పు చేయమని అడగాల్సింది ఢిల్లీ. లోపల గొంతెత్తాల్సింది ఆ ఏడు పాస్‌పోర్టుల వాళ్లు. పక్కా కాగితాలతో వచ్చాం, మా చేతులు శుభ్రం అనుకునే ఒహాయో కుర్రాడికి తన కుర్చీ దగ్గరకు ఎవర్ని రానివ్వలేదో తెలుసు. న్యూజిలాండ్ టీచర్ తన ఒంటిమీదికి వచ్చిన పరీక్షను కాదంది. తన ఒంటిమీదికి రాని నియమాన్ని కాదని ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడే ఇ-2 టీచర్లు ఎందరుంటారు?