అభిమానానికి సర్టిఫికెట్ ఎందుకు?

"మీకు మహాభారతం ఇంత బాగా ఎట్లా తెలుసు?"

తెలుగు చదువుకున్న ముస్లింలు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వినే ఉంటారు. అడిగేవాళ్లు మెచ్చుకోలుగానే అడుగుతారు. వాళ్లకు చెడ్డ ఉద్దేశం ఉండదు. అందుకే జవాబు చెప్పడం కష్టం. కోపగించుకుంటే మర్యాద కాదు. నవ్వి ఊరుకుంటే ఆ కథ మాది కాదని మేమే ఒప్పుకున్నట్టవుతుంది.

అందరికీ ఎట్లా తెలుసో మాకూ అట్లాగే తెలుసు. ఉప్పల్ పక్కనే నాచారం. నాచారంలో నందమూరి తారక రామారావు కుటుంబం కట్టిన రామకృష్ణ స్టూడియో పేరు ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. 1977 సంక్రాంతికి 'దానవీరశూర కర్ణ' వచ్చింది. నాలుగు గంటల సినిమా. నిర్మాత, దర్శకుడు రామారావే. కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు కూడా ఆయనే. కొండవీటి వెంకటకవి రాసిన మాటలు సినిమా హాల్లోనే ఆగిపోలేదు. రికార్డులెక్కాయి, క్యాసెట్లెక్కాయి, పెళ్లిపందిళ్ల మైకులెక్కాయి. ఏ గల్లీలో ఎవరుంటారో చూసుకుని ఆ మైకులు మోగలేదు. ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి, గల్లీలోకి రాగానే సుయోధనుడి సమాసాలను గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన పిల్లలు మాలో ఎందరో.

అవే ఇళ్లల్లో మరో కథల మూట కూడా ఉండేది. అమీర్ హంజా దాస్తాన్ ఉండేది. కిరాయికి తెచ్చుకున్న మధుబాబు షాడో పక్కనే ఇబ్నె సఫీ ఇమ్రాన్ ఉండేవాడు. చెప్పేవాడు రాత్రంతా కూర్చోబెట్టగలిగితే చాలు. అతని లిపి ఎడమ నుంచి కుడికా, కుడి నుంచి ఎడమకా అని ఎవరం చూశాం?

కథలు చెప్పినవాళ్లూ చూసుకోలేదు. 1988లో దూరదర్శన్‌లో మొదలైన బి.ఆర్.చోప్రా 'మహాభారత్'కు మాటలు రాసింది గాజీపూర్ నుంచి వచ్చిన రాహీ మాసూమ్ రజా. 'ఆధా గావ్' నవల రాసిన ఉర్దూ మనిషి. మన దగ్గర పల్నాటి యుద్ధాన్ని, బొబ్బిలి యుద్ధాన్ని ఊరూరా బుర్రకథగా వినిపించింది పొన్నెకల్లు షేక్ నాజర్. 1954లో 'అగ్గిరాముడు' సినిమాలో అల్లూరి సీతారామరాజు కథ చెప్పిందీ ఆయనే. అటువైపు చూస్తే, అమీర్ హంజా దాస్తాన్‌ను 'తిలిస్మె హోష్‌రుబా'తో సహా 46 సంపుటాలుగా అచ్చువేసింది లక్నోలో మున్షీ నవల్ కిషోర్ ప్రెస్. ఫారసీ, ఉర్దూల్లో తిరిగిన గులేబకావళి కథ 1962లో రామారావు వేషంలో తెలుగు తెరకెక్కింది.

ఈ పేర్లు చెప్పగానే సెక్యులర్ మిత్రులకు సంతోషం కలుగుతుంది. "చూశారా, ముస్లింలలో ఎంత మంచివాళ్లున్నారో!" అంటారు. మాకు పేచీ ఇక్కడే. నాజర్‌ను మంచి ముస్లింకు నమూనాగా నిలబెడితే, మిగతా వాళ్లందరినీ అనుమానితుల వరసలో నిలబెట్టినట్టే. నాజర్ కథ చెప్పింది దేశభక్తి రుజువు చేసుకోవడానికి కాదు. ఆయనకు గొంతుంది, విద్య ఉంది, వెనక ప్రజానాట్యమండలి ఉంది, ఎదురుగా జనం ఉన్నారు. దూదేకుల ఇంట్లో పుట్టిన ఆ కళాకారుడి ఆత్మకథ పేరు 'పింజారి'. ఎవరైనా పొగిడేటప్పుడు ఆ పేరు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కూడా ఆలోచించాలి.

ఇదే ప్రశ్నను తిరగేసి చూడండి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు అలావా చుట్టూ ఆడేవాళ్లలో, పీరు ఎత్తేవాళ్లలో హిందువులు ఎందరో. హసన్ హుసేన్ల కథను తెలుగు పాట కట్టి పాడతారు. నాచారానికి దగ్గరలోనే ఉన్న మౌలాలీ గుట్ట మెట్లు హిందువులూ ఎక్కుతారు. "మీకు కర్బలా ఎట్లా తెలుసు?" అని వాళ్లను ఎవరూ అడగరు. అడగకూడదు కూడా. ఆ మర్యాదే మాకూ దక్కాలంటున్నాం.

ప్రశ్న మా లోపలి నుంచీ వస్తుంది. "అది మన కిస్సా కాదు, నీకెందుకు?" అనే పెద్దలున్నారు. ఒకరిది ఆశ్చర్యం, ఇంకొకరిది అనుమానం. కథ చుట్టూ కంచె ఉందని ఇద్దరూ నమ్ముతారు. అయితే ఈ పెద్దల భయాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. టీవీలో రామాయణం చూసి కళ్లు తుడుచుకున్న ముస్లిం ఇళ్లే 1992 డిసెంబరు 6 తర్వాత తలుపులు బిగించుకుని కూర్చున్నాయి. మహాభారతానికి మాటలిచ్చిన రజా అదే ఏడాది మార్చిలో కన్నుమూశారు. కథ పేరు చెప్పి మమ్మల్ని వెళ్లగొట్టాలని చూసేవాళ్లున్నారు, నిజమే. అందుకని మేమే కథను వదిలేసి వెళ్లిపోతే, అది వాళ్ల సొంతమేనని మేం సంతకం పెట్టినట్టు. ఆ పని చెయ్యలేం.

ఇంకో మాట. అభిమానించేవాడికి అలిగే హక్కు కూడా ఉంటుంది. మన సినిమాల్లో మాకు దొరికే వేషాలు తరచుగా రెండే. హీరో కోసం ప్రాణమిచ్చే రహీం, లేకపోతే బాంబు పెట్టేవాడు. కిరాణా కొట్టు నడుపుకుంటూ, పిల్లల ఫీజుల గురించి దిగులుపడే మామూలు మనిషికి అక్కడ చోటు తక్కువ. ఇదేమిటని అడిగితే "నచ్చకపోతే చూడకండి" అంటారు. అది పరాయివాడితో అనే మాట. ఇంట్లోవాడు పప్పులో ఉప్పు తక్కువైందంటే వడ్డించేవాళ్లు ఉప్పు తెస్తారు గాని బయటికి నడవమనరు.

కర్ణుణ్ణి ప్రేమించేవాళ్లందరికీ ఆ అస్త్రవిద్యా ప్రదర్శన గుర్తుండే ఉంటుంది. విల్లు పట్టుకుని వచ్చినవాణ్ణి కృపాచార్యుడు విలువిద్య గురించి అడగలేదు, వంశమేదని అడిగాడు. ఆ ప్రశ్న అన్యాయమని సినిమా హాల్లో చప్పట్లు కొట్టిన చేతులు అన్ని మతాలవీ.

కాబట్టి కర్ణుడి గురించి మాతో వాదించండి. దుర్యోధనుడి స్నేహం అతన్ని నిలబెట్టిందా, ముంచిందా? ద్రౌపదిని సభకు ఈడ్చిన రోజున అతనన్న మాటలను అభిమానులు ఎట్లా దిగమింగాలి? మాకు అభిప్రాయాలున్నాయి. మీ వాదన బలమైనదైతే ఓడిపోవడానికీ సిద్ధమే.