మధ్యమ మార్గం సగటు కొలత కాదు

అవనిగడ్డకు ఎంతో దూరం లేని ఘంటసాల ఒకప్పటి బౌద్ధ క్షేత్రం. అక్కడి స్తూపం శిథిలమైంది గాని, బుద్ధుడు తొలి ప్రవచనంలోనే చెప్పిన మధ్యమ మార్గం మాట మనలో ఇంకా నిలిచి ఉంది. అయితే దాన్ని మనం తరచూ సగం దగ్గర ఆగిపోవడంగా తీసుకుంటాం: సగం ఉపవాసం, సగం భోజనం, కొంత త్యాగం, కొంత భోగం. ఇది పొరపాటు. రెండు కొసలనూ కూడి రెండుతో భాగిస్తే సగటు వస్తుంది, మార్గం రాదు. సాధనకూ సాధకుడికీ మధ్య కుదిరే పొందికే మార్గం.

ఉదాహరణకు, నాగాయలంక దిగువన, మడ అడవుల మధ్య పాయల్లో తిరిగే చిన్న పడవకు ఔట్‌బోర్డ్ మోటారు బిగించాలనుకుందాం. మోటారు వేలాడేది పడవ వెనక చెక్కకు. ఆ చెక్క ఎత్తు 15 అంగుళాలుంటే పొట్టి షాఫ్టు, 20 ఉంటే పొడుగు షాఫ్టు కావాలి. చెక్క ఏటవాలుగా ఉన్నా, నడిమధ్యన పై అంచు నుంచి పడవ అడుగు దాకా నిలువునా కొలవాలి. షాఫ్టు చివర నీటిలో తిరిగే ఫ్యానుకు పైనుండే ప్లేటు పడవ అడుగుకు సమానంగానో, అంగుళం కిందనో ఉండాలి. ఎత్తయిన చెక్కకు పొట్టి షాఫ్టు పెడితే ఫ్యాను గాలి పీలుస్తుంది. ఇంజను గోల పెడుతుంది గాని పడవ కదలదు, చల్లబరిచే నీరు సరిగా అందక వేడెక్కుతుంది కూడా. పొట్టి చెక్కకు పొడుగు షాఫ్టు పెడితే నీటిలో లోతుగా దిగి పడవను వెనక్కి లాగుతుంది, పాటు వేళ బురదలో దిగబడుతుంది. పదిహేనుకూ ఇరవైకీ సగటు పదిహేడున్నర. ఆ కొలత రెండు పడవల్లో దేనికీ సరిగా కుదరదు. హార్స్‌పవర్ పెంచినా లాభం లేదు, గాలిలో తిరిగే ఫ్యానుకు ఎంత బలమిచ్చినా పట్టు దొరకదు.

బౌద్ధ గ్రంథాల్లోని సోణుడనే భిక్షువు కథ చెప్పేదీ ఇదే. అతడు పాదాలు నెత్తురోడేదాకా నడుస్తూ సాధన చేసినా ఫలితం దక్కలేదు. తీగ మరీ బిగిసినా మరీ వదులైనా వీణ పలకదని బుద్ధుడు అతడికి గుర్తుచేశాడు. సోణుడి పట్టుదలలో కొరత లేదు, తప్పంతా పొందికలోనే ఉంది. అరిస్టాటిల్ కూడా మల్లయోధుడికీ కొత్తగా కసరత్తు మొదలుపెట్టినవాడికీ ఒకే పాళ్లలో భోజనం సరిపోదన్నాడు.

ఎవరి కొలత వారిదైతే, బద్ధకస్తుడు ‘నా కొలత ఇంతే’ అని తప్పించుకోడా అన్న అభ్యంతరం రావచ్చు. కానీ కొలత మన ఇష్టాన్ని బట్టి మారదు. పొట్టి షాఫ్టు తేలికని ఎవరెంత మురిసినా 20 అంగుళాల చెక్క దాన్ని ఒప్పుకోదు. పొందిక ఒక్కోసారి ఎక్కువ కష్టాన్నే కోరుతుంది. మోయగలిగినవాడు తక్కువతో సరిపెట్టుకుంటే అదీ తప్పే. మనిషి చెక్కలా స్థిరంగా ఉండడు కదా అనేది మరో అభ్యంతరం. ఇది నిజమే. చెక్కను ఎత్తు పెంచి కట్టినవారు మోటారు బిగించే ముందు మళ్లీ కొలుస్తారు. వయసు, జబ్బు, బాధ్యత మారినప్పుడు మన నియమాలనూ అలాగే తిరిగి కొలుచుకోవాలి. రోగికీ ప్రయాణికుడికీ రంజాన్ ఉపవాసాన్ని వాయిదా వేసుకునే వీలు ఖురాన్ ఇచ్చింది. మన వ్రతాల్లోనూ పిల్లలకు, వృద్ధులకు, జబ్బుపడ్డవారికి సడలింపు ఉంది. ఇవి భక్తిలో తగ్గింపులు కావు, భక్తి నిలవడానికి వేసిన కొలతలు.

అందుచేత దీక్ష ఇచ్చే గురువైనా, ఇంట్లో నియమం పెట్టే పెద్దలైనా ముందు ఆ మనిషిని తెలుసుకోవాలి. అందరికీ ఒకే నియమం పెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది గాని, దానివల్ల కొందరు ఒట్టి ఆర్భాటంలో అలసిపోతారు, కొందరు భారంతో కూరుకుపోతారు. ఆ తర్వాత వాళ్లకు శ్రద్ధ లేదని నిందించడం అన్యాయం.