పరిసయ్యుని కృతజ్ఞత

ప్రార్థన చేయుటకు దేవాలయమునకు వెళ్లిన ఇద్దరిని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము (లూకా 18వ అధ్యాయము) మనమందరము ఎరిగినదే. అయితే ఆ ఇద్దరిలో దేవునికి కృతజ్ఞత చెల్లించినవాడెవడు? సుంకరి కాదు, అతడు కరుణను మాత్రమే వేడుకొనెను. కృతజ్ఞత చెప్పినవాడు పరిసయ్యుడే. అయినను దేవుడు అంగీకరించినది సుంకరిని. కావున కృతజ్ఞత పలుకు నోటిలో సయితము గర్వము దాగియుండవచ్చును.

ఈ సంగతి నాకు వేదాంత పాఠశాలలో కంటె రాప్తాడులో స్పష్టముగా బోధపడెను. మన సీమకు వచ్చు నైరుతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్యపు వానలు ఇంతదూరము వచ్చుసరికి బలహీనమగును. సంవత్సరమునకు సగటున పడునది సుమారు 550 మిల్లీమీటర్లే. అదియు వేళకు పడదు. వేరుసెనగ ఊడలు దిగునప్పుడు తడి లేనియెడల, చెట్టు పచ్చగా నున్నను కాయ పట్టదు. అందుచేత రైతు అప్పు చేసి బోరు వేయించును.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములో ఒక రైతునకు బోరులో నీరు పడెను. కోతపండుగనాడు అతడు ఒక మూట వేరుసెనగ తెచ్చి బల్లయెదుట నుంచెను. నేను సంతోషముతో, "ఈ సహోదరుని మొర ఆలకించితివి" అని దేవుని స్తుతించితిని. ఆరాధన ముగిసిన పిమ్మట అతని పొరుగు చేనివాడు గుమ్మమునొద్ద నిలిచియుండెను. అతడు వేయించిన మూడు బోర్లును ఎండినవే. అతడు మెల్లగా, "అయ్యగారూ, వాని మొర ఇన్న దేవుడు నాది ఇనలేదా? నేనూ మోకాళ్లమీదే ఉంటి గదయ్యా" అనెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నీటికొరకు దేవుని స్తుతించుట తప్పు కాదు. ఆ నీటిని దైవప్రీతికి గుర్తుగా చూపుటయే నా తప్పు. తండ్రి నీతిమంతులమీదను అనీతిమంతులమీదను ఒకేరీతిగా వాన కురిపించునని ప్రభువు కొండమీద బోధించెను. నీరు పడుట ఆయన ప్రేమకు ఋజువైనచో, ఎండిన బోరు ఆయన కోపమునకు ఋజువు కావలెను. అప్పుడు సిలువమీద దప్పిగొన్న ప్రభువును గూర్చి ఏమందుము?

మరియొక సంగతి ఆలోచించుడి. మన ఎర్రనేల క్రింద నున్నది గట్టి రాయి. ఆ రాతి పగుళ్లలోనే నీరుండును. ఆ జల పొలము గట్టును ఎరుగదు. ఒకని బోరు తోడు నీరు పొరుగువాని చేని క్రిందనుండియు రావచ్చును. 14వ శతాబ్దములో, బుక్కరాయల కాలమున కట్టబడిన బుక్కరాయసముద్రపు చెరువును చూడుడి. దానికి మట్టి మోసినవారి పేర్లు మనలో ఎవరికి తెలియును? తాము త్రవ్వని బావుల నీరు త్రాగునప్పుడు దేవుని మరువవద్దని మోషే ఇశ్రాయేలీయులను హెచ్చరించెను. మనకున్న వాటిలో మనము పొందనిది ఏదియు లేదని కొరింథీయులకు పౌలు జ్ఞాపకము చేసెను. పొందితినని ఎరుగుటయే దీనత్వము. నేను హీనుడనని పదిమంది యెదుట పలుకుట దీనత్వము కాదు.

మరుసటి ఆదివారము సంఘము ఎదుట నా తప్పును ఒప్పుకొంటిని. ఆ వారములోనే నీరున్న రైతు పైపులు పరచి పొరుగు చేనికి రెండు తడులిచ్చెను. నేనతనిని అడుగలేదు. ఆ చేను పూర్తిగా పండలేదు, అప్పును తీరలేదు. గుమ్మమునొద్ద అడుగబడిన ప్రశ్నకు నాయొద్ద నేటికిని జవాబు లేదు. అయితే ఇకమీదట జవాబున్నట్టు ప్రార్థింపకూడదని నేర్చుకొంటిని.

ప్రియ చదువరీ, నీ కృతజ్ఞతను పరీక్షించుకొనుటకు ఒక మార్గమున్నది. నీకు కలిగినది లేనివాడు నీ ప్రక్కనే మోకరించియున్నాడనుకొనుము. అతడు వినునట్లు నీ స్తుతిని బిగ్గరగా పలుకగలవా? పలుకలేకపోయినయెడల స్తుతించుట మానవద్దు. ముందుగా లేచి, అతని చేనికి నీరు విడువుము. తరువాత ఇద్దరును కలిసి మోకరించుడి.