నడక పోతే బతుకు పోయినట్టేనా?

నిన్నటిదాకా గేటు చప్పుడైతే చాలు ఉరికొచ్చిన కుక్క ఓ పొద్దున వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తుంది. చూసినవాళ్ళ నోట వచ్చే మొదటి మాట ‘కాళ్ళు పడిపోయాయి’. ఆ వెంటనే వచ్చే రెండో మాట ‘ఇక లాభం లేదు’. మొదటిది కంటికి కనిపించిన సంగతి, రెండోది మనం ఇచ్చేసిన తీర్పు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి పట్టణాల్లో ఇప్పుడు పగ్, పొమేరేనియన్, ల్యాబ్, జర్మన్ షెపర్డ్, అక్కడక్కడా పొట్టి కాళ్ళ డాష్‌హండ్ ఇంటి మనుషుల్లా పెరుగుతున్నాయి. ఇక్కడి పశువైద్యం మాత్రం తరతరాలుగా గేదెల చుట్టూ, గొర్రెల చుట్టూ అల్లుకున్నది. అందుకే కుక్కకు వెన్ను జబ్బు వస్తే, పెంచినవాళ్ళు హడావుడిలో, ఇరుగుపొరుగు సలహాల మధ్య దాని బతుకును తేల్చాల్సి వస్తోంది. ఆ తీర్పుకు నడకను కొలతగా పెట్టుకోవడం తప్పని నా వాదన. చూడాల్సింది అది పడే బాధను, ఆ బాధను మన సేవ తగ్గించగలదా అన్నదాన్ని.

ముందు జబ్బు సంగతి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు తాటిముంజె లాంటిది, బయట గట్టి పొర, లోపల మెత్తటి జిగురు. పొట్టి కాళ్ళ జాతుల్లో ఆ జిగురు చిన్న వయసులోనే ఎండి గట్టిపడుతుంది. సోఫా మీంచి దూకినప్పుడో, ఏ కారణమూ లేకుండానో ఒకనాడు పొర చిట్లి, లోపలి పదార్థం పైకి తన్నుకొచ్చి వెన్నుపామును నొక్కేస్తుంది. ఇలా ఉన్నట్టుండి చిట్లే రకాన్నీ, వయసు మీద పడ్డ కుక్కల్లో మెల్లగా ఉబ్బే రకాన్నీ స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ 1952లోనే విడదీసి చూపాడు. 2017లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ శాస్త్రవేత్తలు దీని వెనక ఉన్న జన్యు కారణాన్ని పట్టుకున్నారు. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు అదనపు నకలు ఒకటి 12వ క్రోమోజోములో చేరి, కాళ్ళను పొట్టి చేస్తూనే డిస్కును ముందుగా ముసలిదాన్ని చేస్తోంది. అంటే ముచ్చటగా ఉందనో, వేటకు పనికొస్తుందనో మనుషులు ఏరి ఏరి పెంచిన పొట్టితనంలోనే ఈ జబ్బు విత్తనం ఉంది. అందుకే ‘దాని ఖర్మ’ అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. మహాప్రస్థానంలో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. ఆ కుక్క తనంతట తాను ఆయన వెంట నడిచింది. మన కుక్కను మనమే ఎంచుకుని తెచ్చుకున్నాం, దాని వెన్నును కూడా మనిషి కోరికే మలిచింది. మన మీద బాధ్యత ఇంకా ఎక్కువ.

నడకా బాధా ఒకటి కావని చెప్పడానికి రెండు జబ్బులను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. జర్మన్ షెపర్డ్ లాంటి కుక్కలకు ముసలితనంలో వెన్నుపాము క్రమంగా క్షీణించే జబ్బు ఒకటి వస్తుంది. దానికి ఎస్‌ఓడీ1 జన్యువులోని లోపంతో సంబంధముందని 2009లో తేలింది. మొదట వెనక పాదం మడతపడి, పైభాగం నేలకు రాసుకుంటుంది. గోళ్ళు ఒక పక్కే అరుగుతాయి. కొన్ని నెలల్లో నడక పూర్తిగా పోతుంది. దీన్ని నయం చేసే మందు లేదు. అయినా ఈ జబ్బులో నొప్పి ఉండదు. మెడలో డిస్కు చిట్లిన కుక్క సంగతి వేరు. అది నాలుగు కాళ్ళ మీదా నిలబడుతుంది, నడుస్తుంది, తల వంచి గిన్నెలో నీళ్ళు తాగబోతే మాత్రం కెవ్వుమంటుంది. నడకనే చూసేవాళ్ళు మొదటిదాన్ని చూసి కన్నీళ్ళు పెట్టుకుని, రెండోదాన్ని ‘బాగానే ఉంది’ అని వదిలేస్తారు. నిజానికి నరకం పడుతున్నది రెండోది.

‘నోరులేని జీవి, దాని బాధ మనకెలా తెలుస్తుంది?’ అని అడగవచ్చు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పాడి పెట్టుకున్న ఏ రైతునైనా అడగండి, గేదె నెమరు మానేస్తే దానికి ఒంట్లో బాగాలేదని డాక్టరు రాకముందే చెబుతాడు. కుక్కకూ అలాంటి గుర్తులున్నాయి. వీపు విల్లులా వంచి వణకడం, ఎత్తుకోబోతే కరవడం, రాత్రంతా రొప్పడం, తిండి వాసనకు తల తిప్పకపోవడం. అయితే మన ఆశ మన కళ్ళను మోసం చేసే చోటు ఒకటుంది. డాక్టరు వెనక కాలి వేలిని గట్టిగా నొక్కి చూస్తారు. కాలు వెనక్కి లాక్కుంటే ఇంట్లోవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది. కానీ ఆ లాగుడు వెన్నుపాము తనంతట తాను చేసే పని, మెదడుకు కబురు అందిందనడానికి రుజువు కాదు. కుక్క తల తిప్పి చూస్తేనో, మూలిగితేనో, కరవబోతేనో ఆ నొక్కు దానికి తెలిసినట్టు. అలా తెలిసినప్పుడు, డిస్కు చిట్లిన కుక్కల్లో ఆపరేషన్ తర్వాత పదింటికి తొమ్మిది మళ్ళీ నడుస్తాయి. తెలియకపోతే ఆ అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ‘నాలుగు రోజులు చూద్దాం’ అనే మాటకు ఇక్కడ చోటు లేదు, వెంటనే పెద్ద పశువైద్యశాలకు బయలుదేరాలి. సూర్యాపేట నుంచి హైదరాబాదు సుమారు 135 కిలోమీటర్లు. కోదాడకు విజయవాడే దగ్గర, అక్కడికి కాస్త అవతల గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. మిర్యాలగూడవాళ్ళు నల్లగొండ మీదుగా రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయానికి చేరవచ్చు. బయలుదేరేవాళ్ళు కుక్కను చంకలో వేలాడేయకుండా పలక మీద పడుకోబెట్టి, కదలకుండా తీసుకెళ్ళాలి.

‘మనుషులకే సరైన వైద్యం దొరకని చోట కుక్కకు ఆపరేషనా?’ అన్న ప్రశ్న గట్టిది, నిజాయితీగల జవాబు కోరుతుంది. అప్పు చేసి ఆపరేషన్ చేయించడం ఎవరికీ ధర్మం కాదు. పిల్లల ఫీజులు పక్కనపెట్టి చేయించలేదని ఎవరినీ తప్పుపట్టకూడదు. చేయించలేనివాళ్ళు కూడా చేయగలిగింది చాలా ఉంది. నొప్పి ఉన్నా ఇంకా నడుస్తున్న కుక్కను కనీసం నాలుగు వారాలు చిన్న గూటిలో ఉంచి, మలమూత్రాలకు తప్ప కదలనివ్వకపోతే చాలావాటికి నయమవుతుంది. మనం వేసుకునే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ మాత్రలు దానికి వేస్తే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. నొప్పి మందు పశువుల డాక్టరు చెప్పిందే వేయాలి. టైల్స్ మీద కాలు జారుతుంది, నేల మీద గోనెసంచులు పరిస్తే పట్టు దొరుకుతుంది. రైసుమిల్లుల మిర్యాలగూడలో గోనెసంచికి కరువేముంది? నడుము కింద తువ్వాలు వేసి పైకి పట్టుకుంటే ముందు కాళ్ళతో నడుస్తుంది. తనంతట తాను మూత్రం పోయలేని కుక్కకు రోజుకు మూడు నాలుగు సార్లు పొట్ట కింద మెల్లగా నొక్కి పోయించాలి. పక్క మార్చకపోతే పుండ్లు పడతాయి. ఏప్రిల్, మే ఎండల్లో నీడకు తనంతట తాను జరగలేదని గుర్తుంచుకోవాలి. వీటికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. ఆ ఓపిక మనుషుల వైద్యంలోంచి ఒక్క రూపాయి కూడా లాక్కోదు.

ఇంకో వైపు నుంచి వచ్చే అభ్యంతరం ‘ఇంజెక్షన్ ఇచ్చి చంపించడం పాపం కాదా?’ అన్నది. 1928లో సబర్మతి ఆశ్రమంలో తీవ్రంగా గాయపడి, కదిలిస్తే చాలు విలవిలలాడుతున్న దూడకు గాంధీ దగ్గరుండి విషపు ఇంజెక్షన్ ఇప్పించారు. చాలామంది ఆయనపై విరుచుకుపడ్డారు. ఆయన వెనక్కి తగ్గకుండా, అలాంటి పనికి షరతులు రాశారు. జబ్బు నయం కానిదై ఉండాలి, అందరూ ఆశ వదులుకుని ఉండాలి, ఏ సేవా పనికిరాని స్థితి అయి ఉండాలి, ఆ ప్రాణి తన కోరిక చెప్పలేనిదై ఉండాలి. వీటిలో మూడోదే నాకు కీలకమనిపిస్తుంది. సేవ పనికొస్తున్నంత కాలం ప్రాణం తీసే హక్కు మనకు లేదు, దానికి నడక లేకపోయినా సరే. ఏ మందూ బాధను తగ్గించలేనప్పుడు, తిండీ నిద్రా రెండూ పోయినప్పుడు, ప్రాణం పట్టుకుని వేలాడేది మనమే, ఆ మూల్యం చెల్లించేది కుక్క. అప్పుడు డాక్టరు చేతిలో ప్రశాంతంగా పోనివ్వడమే అహింస. ఎవరికీ తెలియకుండా హైవే పక్క ధాబా దగ్గర దింపి రావడం మాత్రం ఏ లెక్కలోనూ దయ కాదు. తిండీ నీళ్ళూ దొరక్క బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

కాబట్టి కాళ్ళు పడిపోయిన కుక్క ముందు ‘మళ్ళీ నడుస్తుందా?’ అన్న ప్రశ్న రెండోది కావాలి. మొదట అడగాల్సింది ‘ఇప్పుడు బాధపడుతోందా, ఆ బాధను మనం తగ్గించగలమా?’ అని. తగ్గించగలిగితే అది నడవకపోయినా దాని బతుకు బతుకే. రేపటి గురించి దిగులు కుక్కకు లేదు, ఆ దిగులు మనది. తగ్గించలేకపోతే, అది నడుస్తున్నా సరే, మన మమకారం కోసం దాన్ని ఆపి ఉంచకూడదు. ఈ రెండు నిర్ణయాల్లో ఏది తీసుకున్నవాళ్ళయినా, ఆ ప్రశ్నను దాని వైపు నుంచి అడిగి ఉంటే, తలెత్తుకునే బతకవచ్చు.