అద్భుతకథలో శరీరభారం: ఒక ఔచిత్యచర్చ

అద్భుతాన్ని అంగీకరించిన కథలో వాస్తవికతను ఎవరి విషయంలో, ఎంతవరకు కోరవచ్చునన్న ప్రశ్న అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో ఆనందవర్ధనుడు కేవలమానుషుడైన రాజుకు సప్తసముద్రలంఘనం వంటి వ్యాపారాలను ఆపాదిస్తే ఆ వర్ణన నీరసమవుతుందనీ, అందుకు అనౌచిత్యమే కారణమనీ అంటాడు. సాతవాహనాదులు నాగలోకానికి వెళ్లినట్టు వింటున్నాము కదా అన్న పూర్వపక్షాన్ని వెంటనే తానే లేవనెత్తుతాడు. ఎవరి విషయంలో ఎంత అపదానం వినవస్తున్నదో అంతమేరకు అనుసరిస్తే అది అనుగుణంగానే తోస్తుందన్నది అతని సమాధానం. అంటే ఔచిత్యానికి కొలత దేహధర్మం ఒక్కటే కాదు. శ్రోత అంతవరకు విని నమ్మినది కూడా.

ఈ కొలత పనిచేయని కథనరూపం ఒకటి గత అర్ధశతాబ్దిలో ఏర్పడింది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వంటి పాత్రధారణ క్రీడల్లో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని కథను కలిసి చెప్పుకుంటారు. చెప్పేవారే వినేవారు. వీరుడు అప్పుడే పుట్టినవాడు కాబట్టి అతనికి పూర్వాపదానం ఉండదు. ఆ లోటును అంకె తీరుస్తుంది. మూడు పాచికలు వేసి పాత్ర బలాన్ని 3 నుంచి 18 లోపు నిర్ణయిస్తారు. ఆ బలాన్ని బట్టి మోయగల బరువు తేలుతుంది. తొలినాళ్లలో ఆ బరువును బంగారు నాణేలలోనే లెక్కించేవారు. దోచుకునే వస్తువే తూనికరాయి కావడం ఆ కథల స్వభావాన్ని చక్కగానే పట్టి ఇస్తుంది.

1978 నాటి నియమగ్రంథంలో 18 బలం గల యోధులకు అదనంగా ఒక శతాంశ పట్టిక ఉంది. మానవ పురుషుడు అందులో చివరిదాకా వెళ్లవచ్చు. మానవ స్త్రీకి 50 దగ్గర హద్దు. మామూలు మోతకు పైన పురుషునికి 3000 నాణేల బరువు దక్కగా స్త్రీకి దక్కేది 1000 మాత్రమే. 1989లో వెలువడిన రెండవ కూర్పు ఈ హద్దును తొలగించింది.

హద్దును సమర్థించేవారి వాదం తేలికగా తోసిపుచ్చదగినది కాదు. భారోత్తోలనంలో స్త్రీపురుషుల అత్యుత్తమ రికార్డుల మధ్య తేడా ఉన్నది నిజమే. అయితే ఆ నిజాన్ని ఎక్కడ మాత్రమే గుర్తుచేస్తున్నారన్నది చూడాలి. అంతటి డ్రాగన్ ఆ రెక్కలతో ఎట్లా ఎగురుతుందని ఆ గ్రంథం అడగదు. 2014 కూర్పులో పాత్ర దేహభారాన్ని వేరే పాచికలు నిర్ణయిస్తాయి, బలంతో దానికి సంబంధమే లేదు. కాబట్టి 114 పౌన్ల మనిషి మహాబలుడు, 270 పౌన్ల మనిషి అతి దుర్బలుడు కావచ్చు. అదే కూర్పులో 10 బలం గల సాధారణ వ్యక్తి 300 పౌన్లు, అంటే సుమారు 136 కిలోలు, ఎత్తగలడు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యపతకం గెలిచినప్పుడు క్లీన్ అండ్ జర్క్‌లో ఎత్తినది 130 కిలోలు. నేల నుంచి లేపడం, తలపైకి ఎత్తి నిలపడం ఒకటి కావు కానీ, సామాన్యుని విషయంలో ఇంత ఉదారమైన లెక్క స్త్రీ విషయంలో మాత్రమే నిక్కచ్చి కావలసిన అవసరం ఏమిటి?

వామనాకారులైన హాఫ్లింగ్‌ల సంగతి కొంత భిన్నం. వారి ఎత్తు సుమారు 3 అడుగులు, బరువు 40 పౌన్లు. అయినా 2014 నియమాల్లో 20 బలం గల హాఫ్లింగ్ మనిషితో సమానంగా 300 పౌన్లు మోస్తాడు. 1638లో గెలీలియో చర్చించిన సూత్రం ప్రకారం ఎత్తు సగమైతే కండరపు అడ్డుకోత, దానితోపాటు బలం, నాలుగోవంతుకు తగ్గుతాయి. లెక్కకు రావలసినవి 75 పౌన్లే. ఈ హద్దు విధించినా అన్యాయం తక్కువ, ఎందుకంటే హాఫ్లింగ్ ఎవరూ ఆ బల్ల దగ్గర కూర్చుని లేరు. స్త్రీ కూర్చుని ఉంది. అర్ధ-ఓర్క్‌ల విషయంలో ఈ భేదం మసకబారుతుంది. ఒక జాతికి పుట్టుకతోనే కండబలాన్ని కేటాయించడం లోకంలోని జాతివాదపు మాటలకు మరీ దగ్గరగా ఉందన్న విమర్శ వచ్చింది. 2020లో ఆ కేటాయింపును మార్చుకునే వెసులుబాటు కలిగింది. 2024 కూర్పులో అది జాతిని వదిలి పాత్ర పూర్వజీవితానికి ముడిపడింది.

అయితే భారాన్నే తీసివేయాలనడం సరికాదు. 10 బలం గల వ్యక్తి మోయగలది 150 పౌన్లు. గాయపడి పడిపోయిన సహచరుని దేహం 165 పౌన్లు, అతని గొలుసుకవచం 55. మొత్తం 220 పౌన్లను మోయలేడు, ఈడ్వగలడు. కానీ అప్పుడు ఆరు సెకన్లకు 30 అడుగులకు బదులు 5 అడుగులే సాగుతాడు. కవచం విప్పడానికి ఐదు నిమిషాలు కావాలి. శత్రువు అంత వ్యవధి ఇవ్వడు. వీపున బంగారపు సంచి ఉంటే దాన్ని విడవాలి. కొన్నిసార్లు సంచినీ స్నేహితుణ్ణీ రెండింటినీ విడవాలి. భారాన్ని ‘విసుగు పుట్టించే లెక్క’ అని పక్కన పెట్టే ఆటల్లో ఈ సన్నివేశమే పుట్టదు. స్నేహితుణ్ణి కాపాడటం ఖర్చులేని పని అయినచోట దాన్ని త్యాగమని పిలవడానికి ఏమీ మిగలదు.

కనుక వాస్తవికత పేరుతో చెలామణి అయ్యేవి రెండు. ఎవరు ఏమి కాగలరో ముందే నిర్ణయించేది ఒకటి. ఎవరు ఏ పని చేసినా దానికి మూల్యం అడిగేది మరొకటి. మొదటిది తన సమర్థనను అది వెలివేసే వ్యక్తికే చెప్పుకోవలసి ఉంటుంది, రెండవదానికి ఆ అగత్యం లేదు. అరణ్యపర్వంలో సౌగంధికానికై వెళ్లిన భీముడు వృద్ధవానరం తోకను కదల్చలేకపోతాడు. ఆ తోక అంత బరువుండటాన్ని ఏ శ్రోతా తప్పు పట్టడు. అక్కడ బరువు భీముని పుట్టుకకు హద్దు గీయదు, అతని దర్పాన్ని మాత్రమే తూచుతుంది. హనుమంతుని అపదానం తెలిసిన శ్రోతకు అది ముందే వినిపించి ఉంటుంది.