ఆకలికి కొలత

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువును పదునైదు దినములు అన్నము మాని, నీరు మాత్రమే త్రాగుచుండుమని ఆజ్ఞాపించెను. గడువు ముగిసిన పిమ్మట వేదము చెప్పుమనగా, ఆ విద్వాంసునకు ఏమియు స్ఫురింపలేదు. భుజించిన పిదప సర్వమును స్ఫురించెను. మనస్సు అన్నమయమని తండ్రి ఈ విధముగా బోధించెను. ఆకలి ఉదరమును మాత్రమే బాధించునది కాదు. మనుష్యుని మనుష్యత్వమునే అది హరించును.

ఇట్టి బాధను అంకెలతో కొలుచుట ధర్మమేనా? కన్నులయెదుట ప్రాణి కృశించుచుండగా లెక్కలు వేయుట నిర్దయ కాదా? ఈ సందేహము సహృదయులకు సహజము.

ఆకలిగొన్నవాడు ఒక్కడు వాకిట నిలిచినపుడు కొలత అక్కరలేదు, ఉన్నది పెట్టవలెను. కాని ఒక దేశమే కరువుపాలైనపుడు ధాన్యము పరిమితము, అలమటించువారు లక్షలు. అప్పుడు కొలత లేని దయ రహదారి ప్రక్కనున్నవానికిని, గట్టిగా అడుగగలవానికిని ముందు చేరును. ఏడ్చుటకైనను ఓపిక లేని పసిబిడ్డకు, దూరపు పల్లెలో మంచము పట్టిన ముసలమ్మకు చేరదు. కావున వారిని వెదకి లెక్కించుటయు సేవలో భాగమే.

అయిదేండ్లలోపు బిడ్డల దండచుట్టును నేడు చిన్న పట్టీతో కొలుతురు. అది 115 మిల్లీమీటర్లకు తగ్గినచో ప్రాణాపాయము దాపున నున్నదని గ్రహింతురు. రెండు పాదములును వాచి, వ్రేలితో నొక్కినచోట గుంట నిలిచినను అట్లే తలంతురు. ఇంటింట ఎన్ని పూటలు పస్తున్నారో, విత్తనపు గింజలు తినివేసిరేమో, పశువులను తెగనమ్ముకొనిరేమో విచారింతురు. 2004లో సోమాలియాలో రూపొంది, పిమ్మట పెక్కు దేశములకు వ్యాపించిన పద్ధతి ననుసరించి తీవ్రతను అయిదు దశలుగా నిర్ణయింతురు. కడపటిదైన క్షామమునకు ప్రధాన లక్షణములు మూడు: నూటికి 20 కుటుంబములైనను తిండికి పూర్తిగా మొగము వాచియుండుట, నూటికి 30 మంది పిల్లలైనను తీవ్ర పోషణలోపమున కృశించుట, పదివేలమందికి దినమున కిద్దరైనను మరణించుట.

ఈ మూడవ లక్షణమును గూర్చి మనము ఆలోచింపవలెను. మృతులను లెక్కించి గాని క్షామమని చెప్పరాదన్నచో, ఆ లెక్కలో చేరినవారికి మన సహాయ మెట్లు అందును? 2011 జూలైలో సోమాలియా దక్షిణభాగమున క్షామము ప్రకటింపబడినది. ఆ విపత్తులో మరణించినవారు దాదాపు 2,58,000 మంది యని తరువాత అంచనా వేసిరి; సగమునకు మించి అయిదేండ్లలోపు పిల్లలే. ప్రకటన వెలువడునాటికే దాదాపు సగము ప్రాణములు పోయినవి. హెచ్చరికలు లేకపోలేదు, అవి నెలల ముందే వచ్చినవి. కొలత తప్పలేదు, దానిని విన్నవారి మనస్సు కదలలేదు. అయిదవ దశ మన కర్తవ్యమునకు ఆరంభము కాదు. మూడవ దశలోనే మేలుకొననివాడు నాల్గవ దశలో చేయగలిగినది స్వల్పము.

కొలత మరియొక విధముగను చెడవచ్చును. ధాత కరువున, 1877లో, సర్ రిచర్డ్ టెంపుల్ కరువుపనుల కూలిని రోజుకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమునకును, స్వల్పమైన పైకమునకును తగ్గించెను. కష్టించు దేహమునకు అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. ఇరువురును కొలచినవారే. కాని ఒకరు ఖజానా వ్యయమును ముందుంచుకొనిరి; మరియొకరు పనిచేయువాని శరీరమును ముందుంచుకొనిరి. కొలిచెడివాని ఉద్దేశము శుద్ధము కానిచో అంకె సైతము హింసకు సాధనమగును.

1897లో ముర్షిదాబాదు ప్రాంతమున కాలినడకను పోవుచున్న స్వామి అఖండానందులు పల్లెలలోని కరువును కన్నులార చూచిరి. ఆయన ముందుకు సాగలేక అచ్చటనే నిలిచి, మహులాలో అన్నసేవ నారంభించిరి. చూచుటకును చేయుటకును నడుమ ఆయన ఎడము ఉంచలేదు. నేటి కొలతలు మన చూపును దూరదేశములకు, కంటికి కనబడని గుడిసెలకు చేర్చుచున్నవి. జీవునియందు శివుని దర్శింపగోరు సాధకునకు ఆ అంకె వట్టి వార్త కారాదు; వాకిట నిలిచిన అతిథి పిలుపు కావలెను.