గాడ్‌ఫ్రే పక్కనున్న మనిషి

‘మై మ్యాన్ గాడ్‌ఫ్రే’ సినిమా 1936లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు అమెరికాలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో దాదాపు ఒకరికి పని లేదు. 1932 అధ్యక్ష ఎన్నికలకు ముందు రూజ్‌వెల్ట్ రేడియోలో మాట్లాడుతూ, అందరూ మరచిపోయిన మనిషిని గుర్తుచేశాడు. దర్శకుడు గ్రెగరీ లా కావా ఆ మనిషినే తెచ్చి ధనికుల పందెంలో వస్తువుగా నిలబెట్టాడు.

న్యూయార్క్‌లో ఓ పెద్ద హోటల్. ఎవరికీ అక్కర్లేని వాటిని వెతికి తేవడమే ఆట. ఒకావిడ మేకను వెంటబెట్టుకొస్తుంది. జాబితాలో మనిషి కూడా ఉన్నాడు. ఈస్ట్ నది ఒడ్డున చెత్తకుప్పల్లో బతికే గాడ్‌ఫ్రేకి ధనికుల ఇంటి అమ్మాయి కార్నీలియా ఐదు డాలర్లు ఆశ చూపి భంగపడుతుంది. ఆమె చెల్లెలు ఐరీన్‌తో మాత్రం అతను వెళ్తాడు. హోటల్లో నిర్ణేత అతన్ని అందరి ముందూ నిలబెట్టి ఉండేదెక్కడ అంటాడు, పోలీసులు వెతుకుతున్నారా అంటాడు, ఆ గడ్డం సొంతదేనా అని కూడా అడుగుతాడు. ఎన్నిసార్లు చూసినా నా నవ్వు అక్కడ ఆగిపోతుంది. పేదవాడు తన పేదరికానికి రుజువు చూపాలి! ఆ రుజువు మనం మాత్రం ఎన్ని కిటికీల దగ్గర అడగడం లేదు?

ఐరీన్ ఇంట్లో బట్లర్‌గా చేరిన గాడ్‌ఫ్రే ఆ ఇంట్లో అందరికంటే హుందాగా ఉంటాడు. ఆ పాత్ర వేసిన విలియం పావెల్ కనుబొమ్మ కదిపితే చాలు, యజమానులు చిన్నబోతారు. అయితే ఆ హుందాతనం ఎక్కడిదో సినిమా త్వరలోనే చెప్పేస్తుంది. అతను బోస్టన్‌లో పేరున్న సంపన్న కుటుంబం బిడ్డ, హార్వర్డ్‌లో చదివినవాడు. ప్రేమ చెడి, చావాలని నది దగ్గరకొచ్చి, ఏమీ లేకుండానే బతుకుతో పోరాడుతున్నవాళ్లను చూసి ఆగిపోయాడు.

ఆ చివరి మాట దగ్గరే నేను ఆగిపోతాను. అతన్ని బతికించింది వాళ్ల ధైర్యం. మరి కథ వాళ్లది ఎందుకు కాలేదు? చిరిగిన కోటు లోపల గొప్పింటి రక్తం ఉందని తెలిస్తే తప్ప ఆ కోటుకు మనం నమస్కారం పెట్టలేమా? ధనికులను ఇంత నిర్భయంగా ఎగతాళి చేసిన సినిమా, పేదవాణ్ణి పేదవాడిగానే గౌరవించే చోట వెనకడుగు వేసిందని నా బాధ. తప్పు దర్శకుడొక్కడిదే అననూ లేను. పుట్టుకతో పేద అయినవాణ్ణి ఆ పాత్రలో ఆనాటి ప్రేక్షకులు ఒప్పుకునేవారా? ఈనాడు మనం ఒప్పుకుంటామా?

చివర్లో ఆ చెత్తకుప్పల చోట గాడ్‌ఫ్రే నైట్‌క్లబ్ పెడతాడు. పాత స్నేహితులకు పని దొరుకుతుంది, చలికాలంలో తిండీ నీడా దొరుకుతాయి. మంచిదే, ఆకలి తీరడం చిన్న విషయం కాదు. కానీ అక్కడికి తాగడానికి వచ్చేది మళ్లీ కలిగినవాళ్లే, వాళ్లకు సేవ చేసేది మళ్లీ వీళ్లే.

మొదటి సన్నివేశంలో గాడ్‌ఫ్రేతో మాట్లాడే మైక్ అనే మనిషి ఉన్నాడు. అతనిది ఏ ఊరు, ఏం పని చేసేవాడు, ఎవర్ని పోగొట్టుకున్నాడు, సినిమా అడగదు. ఆ రాత్రి ఐరీన్ గాడ్‌ఫ్రేని కాక మైక్‌ని తీసుకెళ్లి ఉంటే, మనం అతని వెంట చివరిదాకా వెళ్లేవాళ్లమా?